ప్రవేశాల కుర్చీల ఎవరు కూసోవాలె?

(విద్యార్థులు, విశ్వవిద్యాలయ ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం విశ్వవిద్యాలయ ప్రవేశాలు, అందులోని కొలువులు, నాయకత్వం. వినెటానికి ఇది ఉత్త ఆఫీసు ముచ్చట లెక్క ఉంటది. ఫారాలు, ఫీజులు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, గుమాస్తాల పని అనిపిస్తది. కాని జర ఆలోచించుండ్రి. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన జాతి మనది. 2009 డిసెంబర్ల ఆర్ట్స్ కాలేజీ ముంగట లాఠీ దెబ్బలు తిన్న తరం మాది. నియామకం కావాల్నంటే చేతుల పట్టా ఉండాలె. పట్టా రావాల్నంటే ముందుగాల సీటు రావాలె. అంటే నియామకం కన్నా ముందటి మెట్టు ప్రవేశం. ఆ మెట్టు కాడ కుర్చీ ఏసుకొని కూసున్న మనిషి ఎవరు? ఆయనకు ఆ పని ఎవరు నేర్పిండ్రు? ఆయనకు జీతం దేనికి ఇస్తున్నరు? తప్పు జరిగితే ఆయన ఎవరికి జవాబు చెప్తడు? ఈ నాలుగు ప్రశ్నలే ఇయ్యాల నేను మీ ముంగట పెడుతున్న.

చట్టం ఉన్నది, చదివెటోడు ఏడి?

ముందుగాల చట్టం సంగతి. 1969 ఉద్యమం, తర్వాత ఆంధ్రల జరిగిన ఉద్యమం, వీటన్నిటి వెనుక 1973ల రాజ్యాంగానికి 32వ సవరణ తెచ్చిండ్రు. అట్ల వచ్చిందే 371డి అధికరణం. దాని కిందనే 1974ల విద్యాసంస్థల ప్రవేశాల మీద రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. ఉస్మానియా, ఆంధ్ర, వెంకటేశ్వర అని మూడు ప్రాంతాలు చేసిండ్రు. ఒక్కో ప్రాంతంల 85 శాతం సీట్లు ఆడి స్థానికులకే అన్నరు. రాష్ట్రమంతటికీ ఒక్కటే ఉన్న సంస్థల్ల 42, 36, 22 చొప్పున పంచిండ్రు. ఆ 36 మనది.

స్థానికుడు అంటే ఎవరు? ఆ పరీక్ష రాసే సంవత్సరంతోటి కలుపుకొని వరుసగ నాలుగేండ్లు ఆ ప్రాంతంల చదివినోడు. ఇంటర్ మీద వచ్చే సీట్లకు అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు. రాష్ట్రం వచ్చినంక పునర్విభజన చట్టం 95వ సెక్షన్ ప్రకారం పాత కోటాలు పదేండ్లు నడిచినయి. 2024 జూన్ 2తోటి ఆ గడువు ముగిసింది. ఇగ స్థానికత లెక్క మళ్ల తేల్చుకోవాల్సి వచ్చింది. మెడికల్ సీట్లకు నాలుగేండ్ల చదువు నిబంధన మీద కేసులు హైకోర్టుకు పోయినయి, ఢిల్లీకి పోయినయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఖాయం చేసింది.

సరే, ఢిల్లీల గెలిచినం. కాని ఆ చట్టం బతికేది ఢిల్లీల కాదు, సర్టిఫికెట్లు చూసే బల్ల కాడ. పాలమూరు నుంచి, సిరిసిల్ల నుంచి భివండికి, షోలాపూర్‌కు, పుణెకు వలస పోయిన కుటుంబాలు ఎన్నో. ఆ ఇంటి బిడ్డ తొమ్మిది, పది ఆడ చదివి, ఇంటర్ ఈడ చదివింది అనుకోండ్రి. బల్ల కాడ ఉన్నాయనకు ఒక్క నాలుగేండ్ల సంగతే తెలిస్తే, 'నువ్వు నాన్‌లోకల్, పో' అంటడు. నిబంధనలు పూర్తిగ చదివినోడు అయితే, మిగిలిన 15 శాతంల, తల్లిదండ్రులు రాష్ట్రంల పదేండ్లు ఉన్నట్టు రుజువు చూపెట్టే తొవ్వ ఉండేనని చెప్తుండె. ఇద్దరి చేతులల్ల ఉన్నది ఒక్కటే పుస్తకం. ఒకడు చదివిండు, ఒకడు చదువలేదు. మధ్యల పిల్ల బతుకు.

చట్టం కాయితం మీద ఉంటే సరిపోదని మనకు 610 జీవో నేర్పింది. 1985 డిసెంబర్ 30న వచ్చింది ఆ జీవో. అమలు చేసెటోళ్లు లేక ఏండ్లకు ఏండ్లు బీరువాల పడి ఉన్నది. ఉల్లంఘనలు లెక్కగట్టెటానికి 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. కొలువుల కాడ జరిగిందే సీట్ల కాడ జరగకుంట చూసుకోవాల్నా, వద్దా?

ప్రొఫెసర్ రెండేండ్లు, సూపరింటెండెంట్ జీవితమంత

ఇగ మన సర్కారు యూనివర్సిటీల్ల ఈ పని ఎవరు చేస్తున్నరో చూద్దాం. ప్రవేశాల డైరెక్టరేట్ ఉంటది. దానికి డైరెక్టర్ ఒక ప్రొఫెసర్. పాఠం చెప్పుకుంట, పీహెచ్‌డీ పిల్లల్ని చూసుకుంట ఈ పని మీద ఏసుకుంటడు. పని సమజయ్యే టైముకు ఆయన మారుతడు, ఇంకొకాయన వస్తడు. ఎంట్రన్స్ పరీక్షలకు కన్వీనర్ కూడా ప్రొఫెసరే. నేను ప్రొఫెసర్లను తప్పు పడ్తలేను. వాళ్లల్ల నిద్ర లేకుంట పనిచేసినోళ్లు ఎందరో ఉన్నరు. కాని వాళ్ల చదువు కెమిస్ట్రీ, చరిత్ర, ఇంజినీరింగ్. ప్రవేశాలు అన్నది వేరే విద్య అని మనం ఇప్పటికీ ఒప్పుకుంటలేం.

ఆ విద్య నిజంగ తెలిసినాయన ఆ సెక్షన్ల మూలకు కూసున్న సూపరింటెండెంట్. రోస్టర్ ఎట్ల తిరుగుతదో, ఏ సర్టిఫికెట్ ఏ మండలంల ఎట్ల ఉంటదో ఆయనకు నోటికి వస్తది. జూనియర్ అసిస్టెంట్‌గ చేరుతడు. సీనియర్ అసిస్టెంట్, సూపరింటెండెంట్, అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్, శాన అదృష్టం ఉంటే జాయింట్ రిజిస్ట్రార్. ఆడికి నిచ్చెన అయిపోతది. పైన రిజిస్ట్రార్ కుర్చీ మామూలుగ ప్రొఫెసర్లదే. ఈ నిచ్చెన ఎక్కేటప్పుడు కూడా ఆయన్ని ఒక్క సెక్షన్ల ఉంచరు. ఇయ్యాల ప్రవేశాలు, రేపు పరీక్షలు, ఎల్లుండి ఎస్టేట్ ఆఫీసు. రిటైరైతే ఆయన తలకాయల ఉన్న ముప్ఫై ఏండ్ల తెలివి ఆయనతోనే ఇంటికి పోతది. సీజన్ల వచ్చే పని మాత్రం అవుట్‌సోర్సింగ్ పిల్లల నెత్తిన పడ్తది.

ఇది ఎంత సున్నితమైన పనో ఒక ఉదాహరణ చెప్త. ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14న మన రాష్ట్రంల అమలుకు వచ్చింది. 15 శాతం ఇప్పుడు మూడు గ్రూపులకు 1, 9, 5 చొప్పున పోతది. మెరిట్ మీద ఓపెన్ల సీటు వచ్చిన ఒక మాదిగ బిడ్డను తెలియక రిజర్వేషన్ ఖాతాల రాసిండ్రనుకో. ఆ పిల్లకు నష్టం కనపడది, సీటైతే వచ్చింది. కాని ఆ ఖాతాల రావాల్సిన ఇంకొక పిల్ల సీటు గల్లంతు. ఆ పిల్లకు తన సీటు పోయిన సంగతి కూడా తెల్వదు. అందుకే ఈ పని తెలిసినోడే చెయ్యాలె అని నేను అంటున్న.

కంప్యూటర్ వచ్చింది, మనిషి పోయిండు

మనకాడ మంచి జరగలేదని నేను అంటలేను. 1983ల క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం వచ్చింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. ర్యాంకు ఉంటే కూలోని కొడుకు కూడా ఇంజినీర్ అయ్యే తొవ్వ దొరికింది. 2016ల డిగ్రీ సీట్లకు దోస్త్ వచ్చింది. అంతకుముందు ఒక్కో కాలేజీకి ఒక్కో ఫారం, ఒక్కో ఫీజు, ఒక్కో లైను. ఇప్పుడు ఒక్క దరఖాస్తు చాలు.

అదే 2016ల మెడికల్ కోసం పెట్టిన ఎంసెట్-2 పేపర్ లీకయింది. జూలైల రాసిన పరీక్ష రద్దు చేసి సెప్టెంబర్ల మళ్ల పెట్టిండ్రు. రేయింబవళ్లు చదివిన పిల్లలు ఏ తప్పు లేకుంట మళ్ల రాసిండ్రు. పేపర్ తయారు చేసుడు నుంచి ప్రెస్సు దాక, ప్రెస్సు నుంచి పరీక్ష హాలు దాక ఒక్కో చేతిల ఎవరి బాధ్యత ఎంతో రాసి పెట్టే వృత్తి మనుషులు లేకుంటే గట్లనే అయితది.

దోస్త్‌ల వెబ్ ఆప్షన్లు పెట్టేది ఎవరో మీకు ఎరుకేనా? చాలా ఊర్లల్ల మండల కేంద్రంల ఇంటర్నెట్ సెంటర్ పోరడు. పిల్ల తల్లి కూలికి పోయింది, నాయిన దుబాయ్‌ల ఉన్నడు. ఆ పోరడే ఆ పిల్లకు సలహాదారు. ముందు పెట్టాల్సిన కాలేజీ వెనుక పెడ్తడు. ఊరికి దగ్గర్ల సర్కారు కాలేజీ ఉండంగ, బస్సు సక్కగ లేని దూరపు కాలేజీ వస్తది. ఆడపిల్ల కాబట్టి ఇంట్ల వద్దంటరు. లిస్టుల మాత్రం 'రిపోర్ట్ చెయ్యలేదు' అని ఉంటది. ఏటా డిగ్రీ సీట్లు పెద్ద ఎత్తున ఖాళీ ఉంటున్నయని పేపర్ల రాస్తం. ఆ ఖాళీల వెనుక ఇసుంటి పిల్లలు ఎందరున్నరో ఎవరన్న లెక్కగట్టిండ్రా?

కేంద్రం వేసిన ఉన్నత విద్య సర్వే 2021-22 ప్రకారం మన రాష్ట్రంల ఆ వయసు పిల్లల్ల 40 శాతం ఉన్నత చదువులల్ల పేరు నమోదు చేసుకున్నరు. దేశం సగటు 28.4. సంతోషించాల్సిందే. కాని పేరు రాసుకునుడు వేరు, పట్టా పట్టుకొని బయటికొచ్చుడు వేరు.

తలకు ఇంత అనే కొలువు

ప్రైవేటు కాలేజీల కథ అందరికీ తెలుసు. ఏప్రిల్, మే వస్తే పాఠం చెప్పే లెక్చరర్‌కు కరపత్రాలు ఇచ్చి ఊర్ల మీదికి తోలుతరు. ఒక్కొక్కలకు ఇన్ని అడ్మిషన్లు అని టార్గెట్. టార్గెట్ కాకుంటే జీతం ఆపుతరు. పీఆర్వో అని ఒక కొలువు పుట్టింది. ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్లు కొనుక్కొచ్చి, పిల్ల పరీక్ష రాసి బయటికి రాకముందే నాయినకు ఫోన్ కొడ్తరు. బస్ ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, ల్యాప్‌టాప్ ఫ్రీ అంటరు. చేరినంక ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాల పెట్టి తాళం వేస్తరు. ఒరిజినల్స్ పట్టి పెట్టుకోవద్దని యూజీసీ 2018లనే చెప్పింది. ఎవరు విన్నరు?

ఇంజినీరింగ్‌ల 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం యాజమాన్య కోటా. ఆ 30 శాతంల బేరాలు నడుస్తయని అందరికీ తెలుసు. 2018ల ప్రైవేటు యూనివర్సిటీల చట్టం వచ్చింది. అండ్ల తెలంగాణ పిల్లలకు ఉంచింది 25 శాతం. ఉస్మానియాల 85 వచ్చిన వెనుక 1969ల పోరగాండ్లు ఇచ్చిన పానాలు ఉన్నయి. అదే గడ్డ మీద 25 అంటే ఎవరూ కిక్కుమనలే. ఆ యూనివర్సిటీల్ల ప్రవేశాల కుర్చీల కూసున్నోళ్లు మంచి జీతగాండ్లే. వాళ్ల కొలువు మాత్రం సీటు నింపుడు. ఏ పిల్లకు ఏ చదువు సరిపోతదో చూసే పని వాళ్లకు ఎవరూ అప్పజెప్పలే.

అమెరికల ఏమైంది?

ఈ పని ఒక వృత్తిగ ఎదిగింది అమెరికల. మన పిల్లలు వేలకు వేలు ఆడికే పోతున్నరు కాబట్టి ఆడి మంచీ చెడూ రెండూ మనకు అక్కెరనే.

ఆడి రిజిస్ట్రార్లు 1910లనే సంఘం పెట్టుకున్నరు. తర్వాత ప్రవేశాల అధికారులు కూడా అండ్లనే కలిసిండ్రు. ఇప్పటికీ శిక్షణ, పని పద్ధతులు ఆ సంఘం నేర్పుతది. 1970లల్ల బోస్టన్ కాలేజీ అప్పుల్ల పడ్డది. జాక్ మగ్వైర్ అనే భౌతిక శాస్త్రం అధ్యాపకుణ్ణి 1971ల ప్రవేశాల డీన్‌ను చేసిండ్రు. ఆయన ఒక సంగతి పట్టుకున్నడు. పిల్లను చేర్చుకునే ఆఫీసు ఒకటి, స్కాలర్‌షిప్ ఇచ్చే ఆఫీసు ఇంకొకటి, రికార్డు రాసేది వేరొకటి, పిల్ల చదువు మధ్యల ఇడిసిపెట్టి పోతే అడిగే నాథుడు లేడు. ఇవన్నీ ఒక్క చేతి కింద ఉండాలె అన్నడు. దానికి ఎన్‌రోల్‌మెంట్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టిండు. ఇయ్యాల ఆడ కౌన్సెలర్‌గ చేరినోడు అసిస్టెంట్ డైరెక్టర్, డైరెక్టర్, డీన్, ఆఖరుకు వైస్ ప్రెసిడెంట్ దాక పోవచ్చు. మన సూపరింటెండెంట్‌కు లేని నిచ్చెన అది.

ఇండ్ల మనం తీసుకోవాల్సింది ఒకటున్నది. పిల్ల చేరితే పని సగమే అయింది, పట్టా తీసుకొని పోతేనే పూర్తయితది అన్న లెక్క. పారేయాల్సింది కూడా ఉన్నది. శాన యూనివర్సిటీలు ఈ తెలివినే పైసల కోసం వాడినయి. పేదోనికి ఇయ్యాల్సిన సాయం తగ్గించి, కట్టగలిగినోనికి స్కాలర్‌షిప్ ఆశ చూపెట్టి గుంజుకున్నయి.

ఇగ మనకు తగిలే సంగతి. పిల్లను చేర్పిస్తే తలకు ఇంత అని కమిషన్ ఇచ్చుడును అమెరికా 1992ల చట్టం చేసి బంద్ పెట్టింది. సర్కారు సాయం తీసుకునే ఏ విద్యాసంస్థా అట్ల ఇయ్యరాదు. ఎందుకంటే తలకు కమిషన్ ఉంటే చేర్పించేటోడు పిల్ల మంచి చూడడు, తల లెక్కనే చూస్తడు. కాని అదే చట్టంల ఒక సందు ఇడిసిపెట్టిండ్రు. సర్కారు సాయం రాని విదేశీ పిల్లల్ని బయటి దేశాలల్ల చేర్పించెటోళ్లకు ఆ నిషేధం వర్తించదు. వాళ్ల పిల్లలకు తప్పయింది, మన పిల్లలకు ఒప్పయింది. హైదరాబాద్‌ల గల్లీ గల్లీకి పుట్టిన కన్సల్టెన్సీలల్ల ఎన్నో ఆ సందులకెళ్లి వచ్చినయే.

దాని ఫలితం రెండుసార్లు చూసినం. 2011 జనవరిల కాలిఫోర్నియాల ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అండ్ల ఉన్నోళ్లల్ల శానమంది తెలుగు పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు కట్టిండ్రు. నడిపిన యజమానురాలికి 2014ల 16 ఏండ్లకు పైగ జైలు పడ్డది. 2019 జనవరిల మిషిగన్‌ల ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడ్డది. అది అమెరికా సర్కారే వలపన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పైసలు తీసుకొని పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మందిని పట్టుకున్నరు. వాళ్లు కూడా మనోళ్లే. పాఠం లేకుంట వీసా నిలుపుకుందామని చేరినోళ్ల తప్పు లేదని నేను అంటలేను. కాని అప్పు చేసి పంపిన ఇంటికి ముందుగాల నిజం చెప్పే ఒక్క మనిషి ఉంటే అండ్ల సగమన్న ఆగిపోవు.

మన ఊర్ల పీఆర్వో, ఆడి ఏజెంటు వేరే వేరే కాదు. ఇద్దరికీ పైసలొచ్చేది తలల లెక్క మీద. మనం కొట్లాడాల్సింది ఆ లెక్కతోటి.

మనం ఏం అడగాలె? ఏం చెయ్యాలె?

ఒకటి. సర్కారు యూనివర్సిటీలల్ల ప్రవేశాల అధికారులకు వేరే క్యాడర్ ఉండాలె. సగం పోస్టులు పరీక్ష పెట్టి కొత్త పిల్లలకు ఇయ్యాలె, సగం ఇప్పుడున్న ఉద్యోగులకు ప్రమోషన్ మీద ఇయ్యాలె. చేరినోళ్లకు 371డి, రోస్టర్, సర్టిఫికెట్ల చట్టాలు, లెక్కలు, పిల్లలతోటి మాట్లాడే తీరు నేర్పాలె. రెండు మూడేండ్లకు మారే ప్రొఫెసర్ పైన ఉన్నా, కింద మారని తెలివి ఉండాలె.

రెండు. కాలేజీ అయినా, కన్సల్టెన్సీ అయినా, ప్రైవేటు యూనివర్సిటీ అయినా తలకు కమిషన్ ఇచ్చుడును మన రాష్ట్రంల చట్టం చేసి బంద్ పెట్టాలె. లెక్చరర్‌కు అడ్మిషన్ టార్గెట్ పెట్టుడు నేరమని రాయాలె.

మూడు. వెబ్ ఆప్షన్లు మొదలయ్యేకన్నా ముందు ప్రతి సర్కారు జూనియర్ కాలేజీల ఒక శిక్షణ పొందిన మనిషి కూసోవాలె. ఇంటర్నెట్ సెంటర్ పోరనికి ఉన్న చోటు ఆయనకు ఇయ్యాలె.

నాలుగు. ఏటా ప్రతి యూనివర్సిటీ ఒక కాయితం బయటపెట్టాలె. ఎంతమంది దరఖాస్తు పెట్టిండ్రు, ఎంతమంది చేరిండ్రు, ఏ జిల్లా, ఏ కులం, ఆడపిల్లలు ఎంతమంది, మొదటి ఏడు తర్వాత ఎంతమంది పోయిండ్రు, ఎందుకు పోయిండ్రు. మన యూనివర్సిటీ ముఖం మనకు కనపడాలె.

ఉద్యోగ మిత్రులారా, మీకు ఒక విన్నపం. క్యాడర్ వచ్చినప్పుడు వస్తది. అప్పటిదాక మీ తలకాయల ఉన్నదంత కాయితం మీద పెట్టుండ్రి. ఏ సర్టిఫికెట్ ఎట్ల చూడాలె, ఏ ఉత్తర్వుల ఏమున్నది, ఏ ఏడు ఏం పొరపాటు అయింది, తెలుగుల రాసుండ్రి. మీ వెనుక వచ్చే అవుట్‌సోర్సింగ్ పిల్లకు అదే పాఠ్యపుస్తకం అయితది.

విద్యార్థి మిత్రులారా, గ్రూప్స్ అంటరు, టీచర్ అంటరు, కానిస్టేబుల్ అంటరు. మంచిదే. కాని చదువు మీద ప్రేమ ఉండి, మనుషులతోటి మాట్లాడే ఓపిక ఉన్నోళ్లకు ఇది కూడా ఒక కొలువేనని యాది పెట్టుకోండ్రి. సెంట్రల్ యూనివర్సిటీలు, జాతీయ సంస్థలు, ప్రైవేటు యూనివర్సిటీలు కూడా ఈ మనుషుల్ని తీసుకుంటున్నయి. మీరు పోకుంటే ఆ కుర్చీ ఖాళీ ఉండది. మన మండలాలు తెల్వనోళ్లు, మన మాట సమజుగానోళ్లు వచ్చి కూసుంటరు.

నౌకరీ వచ్చేదాక ఆగాల్సిన పని కూడా లేదు. వచ్చే ఎండకాలం ఇంటర్ ఫలితాలు వచ్చిన తెల్లారి మీ ఊరికి పోండ్రి. మీరు చదివిన సర్కారు కాలేజీల ఒక బల్ల ఏసుకొని వారం రోజులు కూసోండ్రి. దోస్త్‌ల ఆప్షన్ ఏ వరుసల పెట్టాలె, స్టడీ సర్టిఫికెట్ ఏడ దొరుకుతది, ఏ కాలేజీ ఒరిజినల్స్ పట్టి పెట్టుకుంటది, ఏ కన్సల్టెన్సీని ఏం అడగాలె, ఇవి చెప్పుండ్రి. ఒక్కొక్కరు పదిమంది పిల్లల్ని సరైన తొవ్వల పెట్టినా చాలు. ఆ పదిమంది పేర్లు రాసి పెట్టుకొని, మూడేండ్లకు ఎంతమంది పట్టా తీసుకున్నరో అడుగుండ్రి. క్యాడర్ కావాలని సర్కారు ముంగట మనం నిలబడ్డ నాడు చేతుల ఉండాల్సింది ఆ లెక్కనే.